ఇంగ్లండ్‌లోని సర్రేలో వంశవృక్షం, పాత ఇంటి చరిత్ర: రికార్డులు ఎక్కడుంటాయి, ఎలా వెతకాలి?

గోదావరి జిల్లాల్లో విగ్రహాలు పెట్టి గౌరవించుకునే సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో గడిచాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆ ఇంజినీర్ 1899లో అక్కడి డోర్కింగ్ పట్టణంలో కన్నుమూశారు. ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ 1765లో మొఘల్ చక్రవర్తి ఫర్మానా జారీ చేయడం వెనకున్న రాబర్ట్ క్లైవ్ కూడా ఇదే కౌంటీలో, ఈషర్ దగ్గర క్లేర్‌మాంట్ ఎస్టేట్ కొన్నారు. అక్కడున్న భవనాన్ని పడగొట్టించి కొత్తది కట్టించారు.

ఇప్పుడు లండన్‌కు ఆనుకుని ఉన్న ఈ కౌంటీలో తెలుగు కుటుంబాలు కూడా ఉంటున్నాయి. కొందరు వందేళ్లు దాటిన ఇళ్లు కొంటున్నారు. కొందరి ఇళ్లకు ఇంగ్లిష్ కుటుంబాల నుంచి కోడళ్లు, అల్లుళ్లు వస్తున్నారు. 'మా ఇల్లు ఎప్పటిది?', 'మా పిల్లల తల్లి వైపు ముత్తాతలు ఎవరు?' అనే ప్రశ్నలు అలాగే మొదలవుతాయి.

వీటికి జవాబులు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నాయి. చాలావాటిని ఎవరైనా చూడొచ్చు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూడగలిగేవీ ఎక్కువే. కానీ వరుస తెలియకుండా వెతికితే డబ్బు ఖర్చవుతుంది, వేరేవాళ్ల ముత్తాత మీ వంశవృక్షంలోకి వచ్చేస్తాడు. పాత ఇంటి విషయంలో పొరపాటు జరిగితే కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది వివరంగా చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ సర్రే?

మన దగ్గర జిల్లాలు విడిపోయాక పాత కాగితాలు ఏ కలెక్టరేట్‌లో ఉన్నాయో వెతుక్కున్నట్టే, సర్రేకూ సరిహద్దుల సమస్య ఉంది.

ఈనాటి దక్షిణ లండన్‌లో పెద్ద భాగం ఒకప్పుడు సర్రేయే. 1889లో లండన్ కౌంటీ ఏర్పడినప్పుడు సదర్క్, లాంబెత్, బాటర్‌సీ, వాండ్స్‌వర్త్ అందులోకి వెళ్లాయి. 1965లో గ్రేటర్ లండన్ ఏర్పడినప్పుడు క్రోయ్‌డన్, కింగ్‌స్టన్, వింబుల్డన్, సటన్, రిచ్‌మండ్ పోయాయి. అదే ఏడాది మిడిల్‌సెక్స్ కౌంటీ నుంచి స్టెయిన్స్, సన్‌బరీ సర్రేలో చేరాయి. 1974లో గాట్విక్ విమానాశ్రయం వెస్ట్ ససెక్స్‌కు మారింది.

దీనివల్ల మీకు కలిగే తేడా ఏమిటి? 1860లో 'సర్రే'లో పుట్టారని రాసి ఉన్న వ్యక్తి నిజానికి లాంబెత్ వీధుల్లో పుట్టి ఉండొచ్చు. అప్పుడు చర్చి రిజిస్టర్ల కోసం వోకింగ్ కాదు, లండన్ నగరంలోని 'ది లండన్ ఆర్కైవ్స్' వైపు చూడాలి. స్టెయిన్స్ కుటుంబమైతే పాత రికార్డులు మిడిల్‌సెక్స్ పేరు కింద దొరుకుతాయి. కాబట్టి కౌంటీ పేరుతో ఆగకండి. ఊరు, ఆ ఊరి పారిష్ పేరు రాసుకున్నాకే వెతకడం మొదలుపెట్టండి.

వంశవృక్షం: ఇప్పటి నుంచి వెనక్కి నడవాలి

ఒక గొప్పవాడి పేరు పట్టుకుని కిందికి రావడం చాలామంది చేసే పని. అది తిరగబడిన పద్ధతి. మీకు కచ్చితంగా తెలిసిన వ్యక్తి నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. ప్రతి అడుగుకూ ఒక కాగితం ఉండాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. ఆ రికార్డులు జనరల్ రిజిస్టర్ ఆఫీస్ దగ్గర ఉంటాయి. ఇక్కడ మనవాళ్లను ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ఇండెక్స్‌లో ఉన్న ఎవరి సర్టిఫికెట్ అయినా ఎవరైనా ఫీజు కట్టి తెప్పించుకోవచ్చు. బంధుత్వం రుజువు చేయక్కర్లేదు. పాత జనన, మరణ నమోదులకు ముద్రవేసిన సర్టిఫికెట్ బదులు పీడీఎఫ్ కాపీ తీసుకుంటే తక్కువలో అయిపోతుంది. పరిశోధనకు అది చాలు.

ఏ సర్టిఫికెట్‌లో ఏముంటుంది?

- జనన సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. ఒక తరం వెనక్కి వెళ్లడానికి ఇదే తాళంచెవి.
- వివాహ సర్టిఫికెట్‌లో వధూవరులిద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. తల్లుల పేర్లు చేర్చడం 2021 మే నుంచే మొదలైంది.
- మరణ సర్టిఫికెట్‌లో వయసు, కారణం, సమాచారం ఇచ్చినవారి పేరు ఉంటాయి. 1969కి ముందువాటిలో పుట్టిన ఊరు ఉండదు.

రెండు చిక్కులు గుర్తుంచుకోండి. పాత ఇండెక్స్ మూడేసి నెలలకు ఒకటి చొప్పున, నమోదైన తేదీ ప్రకారం ఉంటుంది. డిసెంబరులో పుట్టిన బిడ్డ తర్వాతి ఏడాది మొదటి మూడు నెలల్లో కనిపించడం మామూలే. రెండోది, నమోదు చేయనివారికి జరిమానా పడే నిబంధన 1875లో బిగిసింది. అంతకుముందు నమోదు కాని పిల్లలూ ఉన్నారు. పేరు దొరకలేదంటే మనిషి లేడని అర్థం కాదు.

జనాభా లెక్కలు: ఒకే కప్పు కింద ఎవరెవరు

బ్రిటన్‌లో పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తారు. వ్యక్తిగత వివరాలను వందేళ్ల పాటు బయటపెట్టరు. ఇంటింటి వివరాలతో ఇప్పుడు చూడగలిగేవి 1841 నుంచి 1921 వరకు ఉన్న లెక్కలు.

1841 లెక్కను జాగ్రత్తగా చదవాలి. అందులో 15 ఏళ్లు దాటినవారి వయసును సాధారణంగా కిందికి, అయిదు గుణిజానికి సవరించి రాశారు. 39 ఏళ్ల మనిషి 35గా కనిపిస్తాడు. ఇంట్లో ఎవరికి ఎవరు ఏమవుతారో కూడా రాయలేదు. 1851 నుంచి బంధుత్వం, పుట్టిన ఊరు వచ్చి చేరాయి. అసలు కథ అక్కడి నుంచి తెరుచుకుంటుంది. ఒక ఇంట్లో యజమాని, భార్య, పిల్లలు, అద్దెకున్నవారు, పనిమనుషులు, వాళ్లెక్కడి నుంచి వచ్చారు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి.

1921 తర్వాత పెద్ద ఖాళీ ఉంది. 1931 ఇంగ్లండ్, వేల్స్ లెక్కల పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే జరగలేదు. 1951 వివరాలు 2052లో గానీ బయటికి రావు. ఈ మధ్యకాలానికి ఆసరా 1939 రిజిస్టర్. యుద్ధం మొదలవగానే గుర్తింపు కార్డుల కోసం తీసిన జాబితా అది. బతికి ఉన్నవారి పేర్లు కొన్ని అందులో మూసి ఉంచుతారు.

1837కు ముందు: చర్చి రిజిస్టర్లు

ప్రతి పారిష్ చర్చి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసి ఉంచాలని 1538లో ఉత్తర్వు వచ్చింది. అన్ని చోట్లా అప్పటి పుస్తకాలు మిగల్లేదు. 1754 నుంచి పెళ్లిళ్లకు, 1813 నుంచి బాప్తిస్మాలకు, ఖననాలకు అచ్చువేసిన ఫారాలు వాడారు. అందుకే ఆ తర్వాతివి చదవడం సులువు.

ఇక్కడ రాసేది పుట్టిన తేదీ కాదు, బాప్తిస్మం తేదీ. రెండింటికీ నెలలు, ఒక్కోసారి ఏళ్ల తేడా ఉంటుంది.

ఇంకో ఉచ్చు కేలండర్‌లో ఉంది. మనకు ఉగాదితో ఏడాది మారినట్టు, ఇంగ్లండ్‌లో 1751 వరకు అధికారిక కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి పాత రిజిస్టర్‌లో '1720 ఫిబ్రవరి' అని ఉంటే మన లెక్కలో అది 1721 ఫిబ్రవరి. ఇది తెలియకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టో, చనిపోయాక పెళ్లి చేసుకున్నట్టో కనిపిస్తుంది.

ఇంటిపేర్ల స్పెల్లింగ్ మీద కూడా పట్టుపట్టొద్దు. మన అన్నదమ్ములే పాస్‌పోర్టుల్లో ఒకే ఇంటిపేరును రెండు రకాలుగా రాసుకుంటారు. రాయడం రాని కూలీ చెప్పిన పేరును చర్చి గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు.

వీలునామాలు ఎక్కడ?

1858 జనవరి 12 నుంచి ఇంగ్లండ్ వీలునామాలన్నీ ప్రభుత్వ ప్రొబేట్ వ్యవస్థ కిందికి వచ్చాయి. ఏడాదివారీ సూచికలో చనిపోయినవారి పేరు, ఊరు, తేదీ, ఆస్తి ఎవరి చేతికి వెళ్లిందో ఉంటుంది. వీలునామా కాపీ కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

అంతకుముందు ఈ పని చర్చి కోర్టులది. సర్రే ఊళ్లు ఎక్కువగా వించెస్టర్ బిషప్ పరిధిలో ఉండేవి. అందుకని ఆ కోర్టుల రికార్డులూ చూడాలి. ఆస్తి ఎక్కువున్నవారి వీలునామాలు కాంటర్‌బరీ ప్రెరొగేటివ్ కోర్టుకు వెళ్లేవి. అవి క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇండియాలో పనిచేసినవారి కోసం

సర్రే చర్చి గోడల మీద మద్రాసు సైన్యంలోనో, కంపెనీ కొలువులోనో ఉన్నవారి స్మారక ఫలకాలు కనిపిస్తే అలాంటి కుటుంబాల జాడ రెండు దేశాల్లో ఉంటుంది. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడి చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. 'ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ' ఉచిత డేటాబేస్‌తో మొదలుపెట్టొచ్చు.

కాటన్ ఉదాహరణే తీసుకోండి. 1803లో పుట్టారు కాబట్టి ప్రభుత్వ జనన సర్టిఫికెట్ ఉండదు, చర్చి రిజిస్టరే దిక్కు. యవ్వనం నుంచి ఇండియాలో ఉన్నారు కాబట్టి ఆ ఏళ్ల ఉద్యోగం, కుటుంబ వివరాలకు ఇండియా ఆఫీస్ రికార్డులు చూడాలి. విశ్రాంత జీవితానికి ఇంగ్లండ్ జనాభా లెక్కలు చూడాలి. 1899 మరణానికి జనరల్ రిజిస్టర్ ఆఫీస్ ఇండెక్స్, ప్రొబేట్ సూచిక ఉన్నాయి. మీరు వెతికే మనిషి ఎవరైనా ఇలాగే ముందు జీవితాన్ని కాలాలుగా విడగొట్టి, ఏ కాలానికి ఏ రికార్డు అన్నది కాగితం మీద రాసుకోండి.

ఇంటి చరిత్ర: మనుషులు వేరు, గోడలు వేరు

ఇంటి గురించి రెండు ప్రశ్నలుంటాయి. ఇందులో ఎవరున్నారు? ఈ కట్టడం ఎప్పటిది? మొదటిదానికి జవాబు కాగితాల్లో, రెండోదానికి ఎక్కువగా కప్పులో, దూలాల్లో ఉంటుంది.

భూమి రిజిస్ట్రీ చూస్తే అంతా తెలుస్తుందనుకోవద్దు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీసి ముప్పై నలభై ఏళ్ల లావాదేవీలు చూసుకున్నట్టు అక్కడ కుదరదు. అమ్మకం జరిగితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నిబంధన ఇంగ్లండ్, వేల్స్ అంతటా అమల్లోకి వచ్చింది 1990 డిసెంబరులోనే. రిజిస్టర్ చెప్పేది ఇప్పటి యజమాని, హద్దులు, తాకట్టు. ఇల్లు కట్టిన ఏడాది కాదు. పాత దస్తావేజులు ఇంటి యజమాని దగ్గరో, లాయర్ దగ్గరో, కౌంటీ ఆర్కైవ్స్‌లోనో ఉంటాయి. కొనేటప్పుడే 'పాత దస్తావేజులేమైనా ఉన్నాయా' అని అడిగి తీసుకోండి. పారేశాక ఎవరూ తేలేరు.

కాగితాల దారి ఇలా ఉంటుంది.

- ఆర్డినెన్స్ సర్వే పాత మ్యాపులు: 19వ శతాబ్దం రెండో సగం నుంచి ఇల్లిల్లూ చూపించే పెద్ద మ్యాపులు వచ్చాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ మ్యాపులు కూడా ఉచితంగా చూడొచ్చు. ఏ మ్యాపులో ఇల్లుంది, దానికి ముందు మ్యాపులో లేదు అన్నది చూస్తే కాలం కొంత తేలుతుంది.
- 1910 భూమి విలువల సర్వే: లాయిడ్ జార్జ్ తెచ్చిన పన్ను చట్టం కోసం ఇళ్లు, భూములు కొలిచారు. యజమాని, అద్దెదారు, కొన్నిచోట్ల గదుల వర్ణన కూడా ఫీల్డ్ బుక్కుల్లో ఉంటుంది. అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.
- టైథ్ మ్యాపులు: చర్చికి పంటలో పదోవంతు ఇచ్చే పద్ధతిని 1836 చట్టం నగదులోకి మార్చింది. అప్పుడు తయారైన మ్యాపుల్లో ప్రతి తుండుకూ నంబరు, దానికి జతగా యజమాని, సాగుదారు, పొలం పేరు, విస్తీర్ణం ఉంటాయి. మన అడంగల్ లాంటిదే.
- పొయ్యి పన్ను: 1662 నుంచి 1689 వరకు ఇంట్లోని పొయ్యిల లెక్కన పన్ను వేశారు. పొయ్యిల సంఖ్య చూస్తే ఆ కుటుంబం స్తోమత అర్థమవుతుంది.
- మేనర్ రికార్డులు: భూస్వామి కోర్టులో భూమి ఒకరి నుంచి ఇంకొకరికి మారిన వివరాలు. 1733 వరకు వీటిలో చాలావరకు లాటిన్‌లో ఉంటాయి.

ఇంటి నంబర్లు, పేర్లు మారుతూనే ఉంటాయి. అందుకే జనాభా లెక్కల్లో ఇంటి పేరు కనిపించకపోతే ఆ వీధిలోని చర్చి, పబ్, బడి లాంటి కదలని గుర్తుల నుంచి ఇళ్లు లెక్కపెట్టుకుంటూ రండి. లెక్కలు తీసినవారు ఏ వరుసలో నడిచారో తెలిస్తే మీ ఇల్లు దొరుకుతుంది.

ముఖం చూసి వయసు చెప్పొద్దు

సర్రేలో ఇది మరీ వర్తిస్తుంది. ఫార్నమ్ లాంటి పట్టణాల్లో 18వ శతాబ్దపు ఇటుక ముఖం వెనక అంతకంటే పాత కర్ర చట్రపు ఇల్లు దాగి ఉంటుంది. గోడలకు పెంకులు వేలాడదీయడం ఇక్కడి అలవాటు. దాని కిందేముందో బయటికి తెలియదు. గోడ మీద చెక్కిన సంవత్సరం ఇల్లు కట్టిన ఏడాది కావచ్చు, మరమ్మతుదో, పెళ్లిదో కూడా కావచ్చు.

దూలాలకు వాడిన ఓక్ చెట్టు ఎప్పుడు నరికారో వలయాల లెక్కతో చెప్పే పద్ధతి ఉంది. సర్రేలో ఇలా చాలా ఇళ్ల కాలం తేల్చారు. 'డొమెస్టిక్ బిల్డింగ్స్ రీసెర్చ్ గ్రూప్' అనే స్వచ్ఛంద బృందం కౌంటీలో వేల పాత ఇళ్లను కొలిచి నివేదికలు రాసింది. మీ ఇల్లు ఇప్పటికే అందులో ఉండొచ్చు, ముందు అది అడగండి.

లిస్టెడ్ ఇల్లా? గోడ ముట్టుకునే ముందు చదవండి

చారిత్రక విలువ ఉన్న కట్టడాలను ఇంగ్లండ్‌లో మూడు గ్రేడ్లుగా జాబితా చేస్తారు. గ్రేడ్ వన్ సుమారు 2.5 శాతం, గ్రేడ్ టూ స్టార్ సుమారు 5.8 శాతం, మిగతా 91 శాతానికి పైగా గ్రేడ్ టూ. 1700కు ముందు కట్టి, అసలు రూపానికి దగ్గరగా మిగిలిన ఇళ్లు దాదాపుగా జాబితాలో ఉంటాయి. 1700–1850 మధ్యవీ చాలావరకు ఉంటాయి. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ వెబ్‌సైట్‌లోని జాతీయ జాబితాలో చిరునామా కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు.

జాబితాలో ఉన్న ఇంటి స్వభావం మారేలా అనుమతి లేకుండా పని చేయడం ఇంగ్లండ్ చట్టంలో క్రిమినల్ నేరం. జరిమానాకు పరిమితి లేదు, రెండేళ్ల వరకు జైలు కూడా ఉంది. మూడు విషయాలు ముఖ్యం.

- రక్షణ బయటి ముఖానికే కాదు, లోపలికీ వర్తిస్తుంది. వంటగది కోసం లోపలి గోడ తీసేసినా అనుమతి కావాలి. ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచి ఉన్న కొట్టాలు, ప్రహరీలు కూడా సాధారణంగా ఇందులోకే వస్తాయి.
- జాబితాలోని వర్ణన ఇంటిని గుర్తుపట్టడానికి రాసింది. పాత వర్ణనలు రెండు మూడు వాక్యాలే ఉంటాయి. అందులో పొయ్యి ప్రస్తావన లేదు కాబట్టి పొయ్యి తీసేయొచ్చు అనుకోకూడదు.
- పాత యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పును సరిచేయమని నోటీసు కొత్త యజమానికి రావచ్చు. తప్పు మీది కాకపోయినా ఖర్చు మీదవుతుంది.

మూడో విషయం వల్లే ఇంటి చరిత్ర వెతకడం ఆదివారం కాలక్షేపంగా మిగలదు. కొనేముందు పాత ఫొటోలు, అమ్మకపు కరపత్రాలు, కౌన్సిల్ ప్లానింగ్ ఫైళ్లు చూసి, ఇప్పటి ఇంటితో పోల్చండి. కిటికీలు మారాయా, గోడ పోయిందా, దానికి అనుమతి ఉందా అని లాయర్‌తో అడిగించండి. అనుమతి దరఖాస్తు స్థానిక కౌన్సిల్‌కు పెట్టాలి, దానికి ఫీజు లేదు.

పెద్ద భవంతుల కాగితాల్లో చిన్నవాళ్లు

మీ ముత్తాత జమీందారు కాకపోయినా పెద్ద ఇళ్ల రికార్డులు పనికొస్తాయి. గిల్డ్‌ఫర్డ్ దగ్గరి లోస్లీ పార్క్ భవనాన్ని 1560లలో సర్ విలియం మోర్ కట్టించారు. కూల్చిన వేవర్లీ మఠం రాళ్లు దానికి వాడారు. ఆ కుటుంబపు పత్రాల్లో కొన్ని సర్రేలో, కొన్ని వాషింగ్టన్‌లోని ఫోల్జర్ లైబ్రరీలో ఉన్నాయి. ఇలాంటి ఎస్టేట్ పత్రాల్లో కౌలుదార్లు, కూలీలు, వంటవాళ్ల పేర్లు, జీతాలు దొరుకుతాయి.

కాగితాలు ఎందుకు భద్రపరచాలో చెప్పేది క్లాండన్ పార్క్. 18వ శతాబ్దపు ఆ భవనం 2015 ఏప్రిల్‌లో కాలి, లోపల చాలావరకు బూడిదైంది. అలాంటప్పుడు గది ఎలా ఉండేదో చెప్పగలిగేవి పాత ఫొటోలు, నమూనాలు, సామాన్ల జాబితాలే.

వోకింగ్ వెళ్లేముందు

కౌంటీ రికార్డుల నిలయం వోకింగ్ గోల్డ్స్‌వర్త్ రోడ్డులోని సర్రే హిస్టరీ సెంటర్. ప్రవేశం ఉచితం. కేటలాగ్ 'ఎక్స్‌ప్లోరింగ్ సర్రేస్ పాస్ట్' వెబ్‌సైట్‌లో ఉంది. చూడాల్సిన పత్రాల రిఫరెన్స్ నంబర్లు ఇంట్లోనే రాసుకోండి. పని వేళలు, ముందస్తు బుకింగ్, ఫొటోలు తీసుకునే ఫీజు వివరాలు వెబ్‌సైట్‌లో చూసి బయల్దేరండి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, చిరునామా రుజువు వెంట పెట్టుకోండి. పెన్నులు లోపలికి రానివ్వరు, పెన్సిల్ తీసుకెళ్లాలి.

ఆసుపత్రి, మానసిక చికిత్సాలయాల రికార్డులు వందేళ్ల వరకు మూసి ఉంటాయి. దగ్గరి బంధువైతే ఏం చేయాలో సిబ్బందిని అడగండి.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉండి వెతుకుతుంటే చందా కట్టేముందు ఉచిత దారులు వాడుకోండి. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీబీఎండీ, ఫ్రీరెగ్ వెబ్‌సైట్లు ఉచితం. ఇంగ్లండ్‌లో ఉంటే చాలా పబ్లిక్ లైబ్రరీల్లో యాన్సెస్ట్రీ లాంటి చందా సైట్లను ఉచితంగా చూడొచ్చు. సర్రే చర్చి రిజిస్టర్ల ఫొటోలు చాలావరకు యాన్సెస్ట్రీలోనే ఉన్నాయి.

ఈ మూడు తప్పులు చేయొద్దు

ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని అలాగే దించుకోవద్దు. అది సూచన మాత్రమే, రుజువు కాదు. అసలు పేజీ ఫొటో చూసేవరకు ఏ పేరూ ఖాయం చేయకండి.

పేరు కలిసిందని మనిషి కలిశాడనుకోవద్దు. ఒకే పారిష్‌లో ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. వృత్తి, భార్య పేరు, ఊరు ఈ మూడింట్లో రెండైనా కలవాలి. పైగా ఆ బిడ్డ చిన్నప్పుడే చనిపోలేదని ఖనన రిజిస్టర్‌లో చూసుకోవాలి.

చివరిది, ఎక్కడ చూశారో రాసుకోకపోవడం. ప్రతి వివరం పక్కన రికార్డు పేరు, రిఫరెన్స్ నంబరు, చూసిన తేదీ రాయండి. ఏమీ దొరకని చోట్లు కూడా రాయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత అదే పుస్తకాన్ని మళ్లీ తిరగేస్తారు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడటం. ఆర్కైవ్స్‌లో కాగితం వచ్చే ఏడాదీ ఉంటుంది. ఫొటో వెనక ఉన్నదెవరో చెప్పగలిగే అమ్మమ్మ, తాతయ్యల మాటను మాత్రం ఈ వారమే ఫోన్‌లో రికార్డు చేసుకోండి.